పొట్టిమాటకు పుట్టెడు బుద్ధులు

ఇంగ్లీషులో పొడుగు మాటలను చూసి జడుసుకునేవారు వట్టి అమాయకులని నా అభిప్రాయం. పొడుగు మాట ఏనుగు వంటిది. అల్లంత దూరాన ఉండగానే కనిపిస్తుంది. కావాలంటే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకునే వీలు లేకపోతే నిఘంటువు తెరిచి చూడవచ్చు. చూస్తే అక్కడ ఉండేది ఒకటే అర్థం, మహా అయితే రెండు. 'రిఫ్రిజిరేటర్' అన్నంత బారెడు మాటకు చల్లబరిచే బీరువా అని తప్ప ఇంకో అర్థం చెప్పమనండి, చూద్దాం!

చిక్కంతా పొట్టి మాటలతోనే. గెట్, పుట్, రన్, సెట్ - ఒక్కొక్కటి మూడేసి అక్షరాలు. ఒకటో తరగతి పిల్లవాడికి మొదటి నెలలోనే స్పెల్లింగు వచ్చేస్తుంది. అర్థం మాత్రం ఎం.ఏ. ప్యాసైనా పూర్తిగా పట్టుబడదు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని మనవాళ్ళు ఎవరిని చూసి అన్నారో గాని, ఈ మాటల విషయంలో అది అక్షరాలా నిజం. ఈ వారం ఆ పొట్టివాళ్ళలో ఒకణ్ణి, 'సెట్' అనేవాణ్ణి, పట్టుకుని నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువని ఒక మహాగ్రంథం ఉంది. దాని మొదటి భాగం అచ్చయింది 1884లో. ఆఖరి భాగం వచ్చేసరికి 1928. ప్రధాన సంపాదకుడు జేమ్స్ మరే ఆ పని ముగియకుండానే 1915లో కన్నుమూశాడు. అంతటి గ్రంథంలో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ఏది? వేదాంతులు వాడేదీ కాదు, వైద్యులు వాడేదీ కాదు. మన 'సెట్'. పెద్ద పెద్ద పేజీలు పద్ధెనిమిదికి పైగా పట్టింది. 154 ముఖ్య విభాగాలైనాయి. అందులో చివరిదైన 'సెట్ అప్' ఒక్కదాని కిందనే 44 ఉపవిభాగాలు! ఇంగ్లీషు అక్షరాలు 26 కూడా చాలక, మళ్ళీ మొదటి నుంచి జంట అక్షరాలు వేసుకుంటూ పోవలసి వచ్చింది.

తరువాత 1989లో ఆ నిఘంటువు రెండవ కూర్పు 20 సంపుటాలుగా వచ్చింది. అందులో 'సెట్' అనే క్రియకు సుమారు 430 అర్థాలు, 60,000 మాటల వివరణ. ఒక మోస్తరు నవలన్నమాట. వారానికి రెండున్నర వేల మాటల చొప్పున ధారావాహికంగా వేస్తే 24 వారాలు నడుస్తుంది!

ఏ పదవీ శాశ్వతం కాదు గదా. ఇప్పుడు మూడవ కూర్పు కోసం ఒక్కొక్క మాటనూ తిరగరాస్తున్నారు. ఆ పనిలో పీటర్ గిల్లివర్ అనే ఆయన 'రన్' అనే మాట ముందు కూర్చుని తొమ్మిది నెలలకు పైగా లేవలేదు. లేచేసరికి 645 అర్థాలు తేలాయి. 2011లో ఈ సంగతి పత్రికలకెక్కింది. 'సెట్' కిరీటం 'రన్' నెత్తికెక్కింది. పరుగెత్తేవాడు కూర్చున్నవాణ్ణి దాటిపోవడంలో వింతేముంది? 'సెట్' కూర్చున్నవాడని ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు మన ఇళ్ళలోని 'సెట్టు'లను లెక్కపెట్టండి. బీరువాలో ముత్యాల సెట్టు. వంటింట్లో స్టీలు డబ్బాల సెట్టు. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే బయటికి వచ్చే టీ సెట్టు. ఒకప్పుడు హాల్లో మధ్యగా, గుడ్డ కప్పుకుని, ఇంటిపెద్దలాగా రేడియో సెట్టు. జూన్ నెల వచ్చిందంటే పిల్లల పుస్తకాల సెట్టు. హోటలుకు పోతే సెట్ దోశ. పేకాటకు కూర్చుంటే మూడు రాజులు కలిసి ఒక సెట్టు. టెన్నిస్ ఆటలో సెట్టు. సినిమావారి సెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కు గోఖలే, కళాధర్ వేసిన సెట్లను ఇవాళ్టికీ నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాం. ఇక లెక్కల పుస్తకంలో 'సెట్' అంటే సమితి.

ఒక్క సంగతి. పిల్లల ఎంసెట్‌లో ఉన్న 'సెట్' ఈ కుటుంబంలోది కాదు. అది మూడు మాటల మొదటి అక్షరాలు కలిసి అయిన సెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ ఆ పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చినా తోక మాత్రం అలాగే ఉంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారు.

ఇంటిపేరు సంగతి వచ్చింది కనుక ఇంకో రహస్యం చెబుతాను. ఈ టీ సెట్టులోని 'సెట్టు'కూ, సూర్యుడు 'సెట్' అయ్యాడనడంలోని 'సెట్'కూ కూడా పుట్టుక ఒకటి కాదు. సామాను గుంపుకు చెప్పే 'సెట్టు' లాటిన్ భాషలోని 'సెక్టా' అనే మాట నుంచి, ఫ్రెంచి వారి ఇంటి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. 'సెక్టా' అంటే ఒకరి వెంట నడిచేవారి గుంపు. మతశాఖ అని చెప్పే 'సెక్ట్' అనే మాటకూ అదే మూలం. అంటే టీ సెట్టూ, మతశాఖా అన్నదమ్ముల బిడ్డలు! ఆలోచిస్తే సబబుగానే ఉంది. మధ్యన గురువుగారిలాగా కెటిల్ కూర్చుని ఉంటుంది. చుట్టూ ఆరుగురు శిష్యులు బోసినోళ్ళు తెరుచుకుని ఆయన ధారపోసేది అందుకుంటూ ఉంటారు. కాలక్రమాన ఈ 'సెట్టు' రెండో 'సెట్'తో కలిసిమెలిసి తిరిగి, ఏది ఏదో పోల్చుకోలేనట్టు అయిపోయింది. ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళు ఊరికే అన్నారా?

ఇక రెండో 'సెట్', అసలు ఘనుడు. వీడు 'సిట్' అనే మాటకు కొడుకు వంటివాడు. 'సిట్' అంటే కూర్చోవడం. 'సెట్' అంటే కూర్చోబెట్టడం. అంతే! నాలుగు వందల ముప్ఫై అర్థాలకూ అసలు విత్తనం ఇదొక్కటే. దేన్నయినా దాని చోట అది కుదురుగా ఉండేటట్టు కూర్చోబెడితే 'సెట్' చేసినట్టు.

ఈ తాళంచెవి చేతిలో పెట్టుకుని ఇప్పుడు తలుపులు తీయండి. ఉంగరంలో రాయిని కూర్చోబెడితే సెట్. గుడ్లమీద కోడిని కూర్చోబెడితే సెట్. రాయికీ కోడికీ ఏమిటి సంబంధం అని ఇంగ్లీషువారిని ఎగతాళి చెయ్యబోయేరు, తొందరపడకండి. మన కంసాలి రాళ్ళను ఏం చేస్తాడు? పొదుగుతాడు. మన కోడి గుడ్లను ఏం చేస్తుంది? పొదుగుతుంది. రెండు భాషలూ ఎవరి దారిన అవి నడిచి, ఒకే చెట్టుకింద కలుసుకున్నాయి చూశారా! పైగా మనకు 'పొదుగు' అనగానే పాలిచ్చే ఆవు కూడా గుర్తుకొస్తుంది. ఆ అర్థం ఇంగ్లీషువాడికి లేదు.

విరిగిన ఎముకను దాని చోట కూర్చోబెడితే సెట్. ఆ పని చేసేవాణ్ణి ఇంగ్లీషులో 'బోన్ సెటర్' అంటారు. పుత్తూరు కట్టు కట్టేవారు చేసే పని అదే. గడియారం ముల్లును సరియైన అంకె దగ్గర కూర్చోబెడితే సెట్. అచ్చాపీసులో అక్షరాలను వరసలో కూర్చితే సెట్. ఎలుకలకు బోను పెడితే సెట్. పరీక్షకు ప్రశ్నలు కూర్చితే సెట్. గోడకు పోసిన సిమెంటు గట్టిపడి కదలకుండా కూర్చుంటే సెట్. గిన్నెలో పాలు పెరుగై పేరుకుంటే అదీ సెట్.

మరి సూర్యుడు? పొద్దున్నుంచీ ఆకాశమంతా నడిచి నడిచి, సాయంత్రానికి పడమటి కొండమీద చతికిలబడ్డాడన్నమాట. ఇంగ్లీషువారి సూర్యుడు కూర్చుంటాడు. మన పొద్దు వాలుతుంది, గుంకుతుంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'అస్తమించు'లో ఇంకా అందం ఉంది. వేదభాషలో 'అస్తం' అంటే ఇల్లు. అస్తమించడం అంటే ఇంటికి పోవడం. ఆఫీసు కట్టేసి ఇంటికి పోయే గుమాస్తాలాగా సూర్యుడు కూడా పొద్దుగూకి ఇంటికి పోతున్నాడు!

ఈ కూర్చునే కుటుంబంలో పుట్టిందే 'సెటిల్' అనే మాట కూడా. మధ్యతరగతి ఇళ్ళలో దీనికున్నంత గిరాకీ దేనికీ లేదు. 'మీ అబ్బాయి సెటిల్ అయ్యాడా?' అని అడగని చుట్టం ఉంటాడా? అసలు అర్థం చూస్తే, 'మీ అబ్బాయి కూర్చున్నాడా?' అని అడగడమే. కాని తెలుగులో 'మా అబ్బాయి ఇంట్లో కూర్చున్నాడండీ' అంటే ఉద్యోగం సద్యోగం లేదని! ఇంగ్లీషులో కూర్చుంటే పిల్లనిస్తారు, తెలుగులో కూర్చుంటే ఇవ్వరు.

మరొక చుట్టరికం చెప్పి ఈ వంశవృక్షం ముగిస్తాను. ఇంగ్లీషు 'సిట్'కూ, సంస్కృతంలో కూర్చోవడమనే అర్థమిచ్చే 'సద్' అనే ధాతువుకూ మూలం ఒకటే. ఆ ధాతువు నుంచే సదనం, సదస్సు, పరిషత్తు వచ్చాయి. గురువు దగ్గరగా కూర్చుని నేర్చుకున్నది కనుక ఉపనిషత్తు అయింది. అంటే, సిమెంటు సెట్ అయిందని మేస్త్రీ అన్నా, జిల్లా పరిషత్తు సమావేశమైందని పేపరువాడు రాసినా, ఉపనిషత్తు చదివానని పండితుడు చెప్పినా, అన్నిటి అడుగునా ఒక పీట వేసి ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తంటా ఎక్కడంటే, ఈ 'సెట్' ఒంటరిగా తిరిగేవాడు కాడు. పక్కన ఒక చిన్న మాటను వేసుకుని బయలుదేరతాడు. పక్కవాడు మారితే వీడి బుద్ధి మారుతుంది. 'అవుట్'తో కలిస్తే ప్రయాణం. 'అసైడ్'తో కలిస్తే పక్కన పెట్టడం. 'బ్యాక్'తో కలిస్తే ఎదురుదెబ్బ. 'ఇన్'తో కలిస్తే వానాకాలం ప్రవేశించడం. 'ఫైర్'తో కలిస్తే కొంపలంటించడం. 'అప్' వెనకాల వస్తే నిలబెట్టడం. అదే 'అప్' ముందుకొస్తే బోర్లా పడెయ్యడం. 'సెటప్', 'అప్‌సెట్' - అవే రెండు ముక్కలు, అటుదిటు ఇటుదటు అంతే. ఒకనాడు ఇంగ్లీషులో 'అప్‌సెట్' అన్నా నిలబెట్టడమనే అర్థం ఉండేది. తరువాత తలకిందులైంది. మాట స్వయంగా తన అర్థాన్ని తానే ఆచరించి చూపించిందన్నమాట. ఇక 'సెటప్' అనే మాటకు మన సినిమాలవారు తగిలించిన అర్థం ఆడవాళ్ళూ పిల్లలూ చదివే పత్రికలో రాయడం మర్యాద కాదు.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది. కాని ఈ పొట్టి మాటలు నవ్వించినవాళ్ళకంటే ఏడిపించినవాళ్ళు ఎక్కువని నాకు తెలుసు. నేనెరిగిన ఇద్దరి సంగతి చెబుతాను.

మా పిన్ని అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్ళింది. ఆవిడకు ఇంగ్లీషు రాదనుకోకండి. ఆ రోజుల్లో ఎస్.ఎస్.ఎల్.సి. చదివింది, ఇంగ్లీషు పేపరు శుభ్రంగా చదువుకుంటుంది. ఒకనాడు రక్తపరీక్షకు కూతురు దింపి వెళితే, ఒక్కతే లోపలికి పోయింది. రక్తం తీశారు. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి కాగితం చూసి, నవ్వుతూ, 'యు ఆర్ ఆల్ సెట్' అన్నది. ఆ దేశంలో ఆ మాటకు 'మీ పని అయిపోయింది, ఇక వెళ్ళవచ్చు' అని అర్థం. పిన్నికి తెలిసిన సెట్టు వేరు. ఏదో సెట్టు సిద్ధం చేస్తున్నారు కాబోలు, అది అయ్యాక పిలుస్తారు కాబోలు అనుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ముప్పావుగంట కూర్చుంది. తనకంటే వెనుక వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. చివరికి కూతురు వచ్చి, 'ఇక్కడే కూర్చున్నావేమిటమ్మా, ఎప్పుడో వెళ్ళమన్నారటగా!' అన్నది.

ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు. నవ్వనైనా లేదు. అయినా ఆనాటి నుంచీ పిన్ని ఒక్కతే ఎక్కడికీ కదలలేదు. పక్క వీధిలో దుకాణానికి కూడా కూతురో, అల్లుడో తోడు ఉండవలసిందే. 'నాకెందుకొచ్చిందిరా, వాళ్ళేమంటారో నేనేం వింటానో' అన్నది నాతో ఫోనులో. 'సెట్' అసలు అర్థం కూర్చోబెట్టడం అన్నాను గదా. నలభై ఏళ్ళు సంసారాన్ని ఒంటిచేత్తో ఈదిన మనిషిని ఆ మాట నిజంగానే ఇంట్లో కూర్చోబెట్టింది.

రెండోవాడు మా అన్నయ్య మనవడు. ఎనిమిదో తరగతి. ఏడు దాకా తెలుగులో చదివి, ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాడు. వాడి నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు మాట, మధ్యన గీత, కుడివైపు తెలుగు మాట. ఒక మాటకు ఒక అర్థం. 'సెట్' ఎదురుగా 'అమర్చు' అని ఉంది. వాడు కంఠస్థం పట్టాడు. పరీక్షలో తెలుగు చెయ్యమని వాక్యాలిస్తే, నేర్చుకున్నదాన్ని నిజాయితీగా అమలు చేశాడు. సూర్యుడు పడమర 'అమర్చును' అన్నాడు. డాక్టరు కుర్రవాడి చేతిని 'అమర్చెను' అన్నాడు. దొంగలు ఇంటికి నిప్పు 'అమర్చిరి' అన్నాడు. పంతులుగారు వాటిని తరగతిలో పైకి చదివారట. తరగతంతా గొల్లుమన్నది. ఆనాటి నుంచీ ఇంగ్లీషు పీరియడులో వాడు చెయ్యి ఎత్తడం మానేశాడు. 'నాకు ఇంగ్లీషు రాదు తాతయ్యా, ఇంక రాదు' అన్నాడు నాతో.

వాడి తెలివికేం లోటు వచ్చిందండీ? ఇచ్చిన సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. తప్పు సూత్రానిది. ఆక్స్‌ఫర్డ్ పండితులు పద్ధెనిమిది పేజీల్లో కూడా పట్టించలేక ఉక్కిరిబిక్కిరైన మాటను, గీతకు కుడివైపున ఒక్క ముక్కలో పట్టిస్తే పడుతుందా?

ఆ సాయంత్రం మా వదినగారు వంటింట్లోంచి, 'పాలు చల్లారాయి, కాస్త తోడు పెట్టరా' అని వాణ్ణి కేకేశారు. వాడు లేచి గిన్నెలో చుక్క మజ్జిగ వేసి వచ్చాడు. 'ఏం చేసి వచ్చావురా?' అన్నాను. 'తోడు పెట్టాను.' 'ఇప్పుడు నువ్వు చేసినదాన్ని కూడా ఇంగ్లీషులో సెట్ చెయ్యడమనే అంటారు. సరేగాని, పెట్టు అంటే అర్థం ఏమిటి?' వాడు నోరు తెరిచి, ఆలోచించి, 'ఉంచు' అన్నాడు. 'అయితే నాయనమ్మ అన్నం పెట్టింది అంటే అన్నం ఉంచిందనా?' 'కాదు, వడ్డించింది.' 'కోడి గుడ్డు పెట్టింది అంటే వడ్డించిందా?' వాడు పక్కున నవ్వాడు. ఆ నవ్వుతో ఆట మొదలైంది.

భోజనాలయ్యేలోగా వాడూ, వాడి చెల్లెలూ, వదినగారూ కలిసి తేల్చిన జాబితా చూడండి. తాత పేరు పెట్టాడు. పురోహితుడు ముహూర్తం పెట్టాడు. మాష్టారు పరీక్ష పెట్టారు. మామ్మ ఆవకాయ పెట్టింది. పిల్ల కాటుక పెట్టుకుంది. చంటాడు పేచీ పెట్టాడు. రైతు చేనుకు నీరు పెట్టాడు. దొంగ కన్నం పెట్టాడు. అప్పు పుచ్చుకున్నవాడు టోపీ పెట్టాడు. గుర్రం పరుగు పెట్టింది. అత్తగారు ఆరళ్ళు పెట్టింది, కోడలు కన్నీరు పెట్టింది. ముద్దు పెట్టడం, వాత పెట్టడం, దణ్ణం పెట్టడం, తాకట్టు పెట్టడం, మొదలు పెట్టడం, భయపెట్టడం, విడిచిపెట్టడం. 'కనిపెట్టడం' దగ్గర పెద్ద చర్చే జరిగింది. శాస్త్రజ్ఞుడు కొత్త యంత్రాన్ని కనిపెడతాడు. రోగి పక్కన కూర్చున్న మనిషి రాత్రంతా కనిపెట్టుకుని ఉంటుంది. రెండూ కనిపెట్టడాలే!

ఇవి ఇంకా తేలిక రకం. 'పెట్టి పుట్టాలి' అంటాం. ఏం పెట్టి? ఎవరికి? వెనుకటి జన్మలో దానధర్మాలు చేసి ఉండాలని ఆ రెండు మాటల్లో ఇమిడి ఉంది. 'చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు' అంటాం. చెప్పకపోవడం తెలుసు, పెట్టకపోవడం ఏమిటో? 'ఈ ఉత్తరం కాస్త చదివిపెట్టు బాబూ' అంటుంది బామ్మ. తెలుగు కొత్తగా నేర్చుకునే దొర అయితే ఉత్తరం చదివి బల్లమీద పెడతాడు! నా కోసం చదువు, నాకు సాయం చెయ్యి అన్న ఆప్యాయతంతా ఆ 'పెట్టు'లో ఉందని ఆయనకెలా తెలుస్తుంది?

అటువంటి దొర ఒకాయన నిజంగానే ఉండేవాడు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసులో దిగి, తెలుగు నేర్చుకుని, కడపలో పండితులను కూర్చోబెట్టుకుని ఏళ్ళ తరబడి శ్రమించి, 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. 'సెట్' ముందు మన పిల్లవాడు ఎలా నిలబడ్డాడో, 'పెట్టు' ముందు ఆయనా ఒకనాడు అలాగే నిలబడి ఉంటాడు. ఒక్క అర్థంతో 'సరిపెట్టడం' ఆయన వల్లా కాలేదు. అందుకే మాటకు పక్కనే అది వాడుకలో ఎలా తిరుగుతుందో చూపించుకుంటూ పోయాడు.

మన పిల్లలకు కావలసిందీ అదే పద్ధతి. నోటుబుక్కులో నిలువుగీత గీసి ఒంటిమాటకు ఒంటిమాట రాయించకండి. జంటలుగా రాయించండి. సూర్యుడితో సెట్ - పొద్దు గుంకింది. ఎముకతో సెట్ - సరిచేసి కట్టు కట్టారు. నిప్పుతో సెట్ - అంటించారు. పాలతో సెట్ - తోడుకుంది. రోజుకు నాలుగు జంటలు చాలు. వాటిని పిల్లవాడు తన సొంత వాక్యంలో పెట్టి చెప్పాలి. నెల తిరిగేసరికి నూటపాతిక దాకా అవుతాయి. 'మొత్తం అర్థాలన్నీ వస్తేనే గాని నోరు విప్పను' అనుకోనివ్వకండి. ఇంగ్లీషువాడికే ఆ నాలుగు వందల ముప్ఫై రావు. వాడుకలో పడ్డవి వాడికి వచ్చు. వాడుకలో పడ్డవి మనకూ వస్తాయి.

పెద్దవాళ్ళకు ఇంకొకటి చెప్పాలి. పరదేశంలో ఎదుటివాడు అన్నది అంతుబట్టకపోతే, 'నేను ఇక వెళ్ళవచ్చునా?' అని సూటిగా అడగండి. అందులో చిన్నతనం లేదు. ఈ మాటే పిన్నికి ఫోనులో చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, 'అయితే వాళ్ళకు మన పెట్టు వంటిదన్నమాట ఆ సెట్టు' అన్నది. తరువాత వారం కూరల దుకాణానికి ఒక్కతే వెళ్ళి వచ్చిందట. డబ్బు పుచ్చుకున్న కుర్రవాడు అదే మాట అన్నాడట. ఈవిడ 'థాంక్యూ' చెప్పి సంచీ పుచ్చుకుని వచ్చేసిందట!

మనవడు ఇంకా చెయ్యి ఎత్తడం మొదలుపెట్టలేదు. నోటుబుక్కులో నిలువుగీతలు మాత్రం మానేశాడు. ఆ మధ్య ఒక పేజీ తెచ్చి చూపించాడు. 'సెట్' కింద పదకొండు జంటలున్నాయి. అందులో మూడు నేను చెప్పినవి కావు.

ఇంటింటా రాత్రిపూట జరిగే పనే ఇది. పాలు ఎంత మంచివైనా వాటంతట అవి పెరుగు కావు. తోడు పెట్టాలి. పొట్టిమాట కూడా అంతే. దాని పక్కన ఏ తోడు వేశారో చూసుకుంటే అర్థం తెల్లారేసరికి దానంతటదే పేరుకుంటుంది. గిన్నె పట్టుకుని ఊపకుండా ఉంటే చాలు.